అరచేతి ముద్ర

ఏడో మలుపు దాటేసరికి వేదాద్రికి అనుమానం వచ్చింది. ఎనిమిదో మలుపులో అది తేలిపోయింది. కళ్లు మూసుకుని, అరచెయ్యి డాష్‌బోర్డు మీద చదునుగా ఆనించి కూర్చున్నాడతను. పక్కన డాక్టరు స్టీరింగు తిప్పిన తరువాత, రెప్పపాటు తేడాతో, ఇంకో ఒత్తు వచ్చింది. చాలా మర్యాదైన ఒత్తు. మనిషి చేసిన పొరపాటును మనిషికి తెలియకుండా సరిదిద్దే ఒత్తు.

"ఆపండి డాక్టరుగారూ. సాయం ఉంది."

డాక్టరు కారును పక్కకు తీసి ఆపాడు. నిరుడే కొన్నాననీ, స్టీరింగును చాటుగా సరిదిద్దే సవరిణి లేదని అమ్మినాయన ఒట్టు పెట్టి చెప్పాడనీ అన్నాడు. వేదాద్రి నమ్మాడు. సవరిణిని పరికరాలు పట్టుకోలేవు. పరికరం తగిలించగానే అది ఊపిరి బిగబట్టినట్టు ఊరుకుంటుంది. పక్కన కూర్చున్న మనిషి అరచేతికి మాత్రమే దొరుకుతుంది. అందుకే, రోడ్లన్నిటినీ నడిపే యంత్రాల అల్లిక దారివల అన్ని పనులూ తానే చేసుకుంటున్న కాలంలో కూడా, ఘాటు మొదట్లోని ఈ పరీక్షా కేంద్రంలో ఇద్దరు ముద్రాధికారులు మిగిలారు.

"ఇన్నాళ్లూ నేనే నడుపుతున్నానని అనుకున్నానండీ," అన్నాడు డాక్టరు.

వేదాద్రి తల వంచుకుని నిరాకరణ పత్రం రాశాడు. డాక్టరు కోప్పడలేదు. ఫ్లాస్కు తీసి, మూతలోకి టీ వంచి, ముందు వేదాద్రికి అందించాడు. కారు పోగొట్టుకున్న మనిషి చేతి టీ. వేదాద్రికి ఆ పూట అది మింగుడుపడలేదు. ఎందుకంటే పదకొండింటికి అతను తన సొంత కారు అమ్మబోతున్నాడు. దానిలోనూ సవరిణి ఉంది. దాని మీద ఉన్న ముద్ర అతనిదే.

మనుషులు తమ చేతులతో కారు నడపగలిగే రోడ్డు జిల్లాలో ఒక్క అనంతగిరి ఘాటే మిగిలింది. అదీ ఆదివారం పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా. ఆ రెండు గంటలనూ చేతివేళ అంటారు. పరీక్షలకు మాత్రం కింది తొమ్మిది మలుపులనూ రోజూ కేంద్రానికి వదిలారు. మిగతా వారమంతా తమంతట తామే నడిచే యానాలు జనాన్ని ఎక్కించుకుని, చుక్క నీరు తొణకకుండా దించేస్తుంటాయి. చేతివేళలో తిరగాలంటే కారుకు స్వహస్త ముద్ర ఉండాలి. నడిపే మనిషికి చేతి అనుమతి ఉండాలి. నెలాఖరుకు వేదాద్రికి అరవై ఎనిమిది నిండుతాయి, అనుమతి పోతుంది. అనుమతి ఉన్న మనిషి లేని ఇంట్లో చేతికారు ఉండకూడదు. ఈలోగా అమ్ముడుపోకపోతే దాన్ని కరిగింపుకు తీసుకెళ్తారు.

కారు కొనబోయే సురేఖ చెప్పిన టైముకు పావుగంట ముందే కేంద్రానికి వచ్చింది. చోడవరం వైపు నీటి పంపులు బాగుచేసే మనిషి. ముప్పై ఐదేళ్లుంటాయి. గోళ్ల చుట్టూ ఎంత కడిగినా పోని గ్రీజు నలుపు. ముదురు నీలం రంగు రెండు సీట్ల కారును చూడగానే చెప్పులు విడిచింది. ఎందుకు విడిచిందో ఆమెకే తెలియదేమో. రంగు జోలికి పోలేదు. తలుపు తెరిచి, అంచు రబ్బరు మీద వేలు రాసి చూసుకుంది.

"పిల్లల పౌడరు రాసినారు కదండీ. ముప్పై ఏళ్ల రబ్బరు, ఎక్కడా అంటుకోలేదు."

"వానాకాలం ముందోసారి, తరవాతోసారి," అన్నాడు వేదాద్రి.

ఆయిల్ పుల్ల తీసి వాసన చూసింది. ఇంజిను స్టార్టు చేయించి, బానెట్ మీదకు చెవి వంచి చాలాసేపు విన్నది. ఈ బండిని సల్లగా ఉన్నప్పుడు ఎవరూ తొక్కలేదు, సూది పైకొచ్చేదాకా ఆగినారు అని, ఎదుట మనిషి ఉన్నట్టు మరచిపోయి, తనలో తను చెప్పుకుంది. వేదాద్రికి గర్వం కలిగింది. ఆ వెంటనే సిగ్గేసింది.

ఆమె ఈ కారు కోసమే ఆరేళ్లుగా ఆగానని చెప్పింది. ఇలాంటి కారు ఇంకోటి దొరక్క కాదు. ఒకానొక చేతివేళలో వేదాద్రి భార్య చారుమతి ఈ కారును పైదాకా నడిపిన వీడియో చిత్రం ఆమె దగ్గర ఉంది. నలభై ఏడు మలుపులు, పదిహేడు నిమిషాలు. ఘాటు రికార్డు ఇప్పటికీ అదే. ఆ చిత్రం చూస్తూ, ఇంట్లో పీటకు పాత స్టీరింగు ఒకటి బిగించుకుని, చేతులు ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో నేర్చుకుంది.

"మా ఆయన నవ్వీవోడండీ, పీట మీద కూకోని ఏ ఊరెల్తన్నావే అని. మేడంగారి సెయ్యి సూడండి, అది తిప్పడం కాదు, అడగడం. బండిని ఇటు రామ్మా అని అడుగుతాది."

వేదాద్రి ఆకాశం వైపు చూశాడు. మబ్బు కూడా లేదు చూడటానికి.

చారుమతికి కుడిచెయ్యి వణకడం మొదలైనప్పుడు ఆ సంగతి అతనికొక్కడికే చెప్పింది. ఏడవలేదు. ఒకటే అడిగింది. నువ్వు ముద్రాధికారివి, నీ అరచేతికి తెలియనిది లేదు. ప్రతి ఆదివారం నా పక్కన కూర్చో. నా చెయ్యి తప్పిన రోజు చెప్పెయ్, ఆ రోజే తాళాలు నీకిచ్చేస్తాను అంది. అతను సరేనన్నాడు.

మూడో నెలలోనే చెయ్యి తప్పింది. ఎడమ మలుపుల్లో కారు కాస్త లోపలికి తూలింది. చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె పెదవి కొరుక్కుని, పదేళ్ల పిల్లలా, రోడ్డుకేసి చూస్తోంది. ఆ ముఖం చూశాక నోరు మూసుకున్నాడు. తరువాత ఆమె అక్కగారింటికి పార్వతీపురం వెళ్లిన వారంలో, స్టీరింగు కడ్డీ లోపల చేతివేలంత సవరిణిని పెట్టించాడు. ముద్రాధికారి తన ఇంటి కారును తానే పరీక్షించరాదన్న నియమం అప్పటికింకా లేదు. తానే ముద్ర వేశాడు.

ఆమె ఆ తరువాత నాలుగేళ్లు నడిపింది. కొండ మీద కారు ఆపి, కాఫీ తోటల వైపు చూస్తూ, ప్రతి ఆదివారమూ అడిగేది, ఎలా ఉంది నా చెయ్యి అని. బాగుంది అనేవాడు. నాలుగేళ్ల ఆదివారాలు. నిజం ఒక్కటే కావాలని అడిగిన మనిషికి, అది తప్ప అన్నీ ఇచ్చాడు.

ఆమె పోయాక దాన్ని తీసేద్దామనుకున్నాడు. ఒక శనివారం షెడ్డులో ఇంజిను స్టార్టు చేసి, స్టీరింగు మీద చేతులు ఊరికే ఆనించాడు. స్టీరింగు సన్నగా వణికింది. ఆమె వణుకును నాలుగేళ్లు ఎదురు నెట్టీ నెట్టీ సవరిణికి అదే అలవాటైపోయింది. ఆ చెయ్యి లేకపోయినా అది తన వంతు చేస్తూనే ఉంది. చారుమతి వణుకు తిరగబడి అందులో మిగిలింది. ఆ రోజు నుంచి ప్రతి శనివారం ఒక పది నిమిషాలు అలా కూర్చునేవాడు. తీయబుద్ధి కాలేదు. ఇప్పుడు తీద్దామన్నా, కడ్డీ విప్పితే సీలు తెగుతుంది, సీలు తెగితే ఎందుకు తెగిందో రాయాలి.

కొత్త చేతికి సవరిణి నాలుగు వారాల్లో అలవాటు పడుతుందిలే అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. ఈ ఉదయం కూడా అలాగే చెప్పుకుని బయల్దేరాడు.

లోపల ఎర్రునాయుడు బదిలీ పత్రం సిద్ధం చేసి ఉంచాడు. వేదాద్రి దగ్గరే అరచేతి విద్య నేర్చుకున్నవాడు, ఇప్పుడు రెండో ముద్రాధికారి. పరీక్ష మళ్లీ చేస్తావా అని వేదాద్రి అడిగాడు. చేస్తాననాలని సగం ఆశ, అనకూడదని సగం.

"మీ ముద్రకి మళ్లీ పరీక్షేటి మాస్టారూ? రేపు మీ పేరు నిజవేనా అని మిమ్మల్నే అడగమంటారు. తొమ్మిది మలుపులూ ఆవిడికి ఒకసారి తిప్పించీసి తెచ్చీండి, వేలిముద్రలు తీసుకుంటాను."

సురేఖ కూర్చున్న తీరులోనే చారుమతి కనిపించింది. స్టీరింగును వేళ్ల కొసలతో పట్టుకుంది. మొదటి మూడు మలుపులూ కుడివైపువి. కారు ఒద్దికగా తిరిగింది. వేదాద్రి అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించాడు. నాలుగోది ఎడమ మలుపు. ఆమె చేతిలో వంక లేదు, నిండుకుండలా ఉంది. కానీ లేని తూలును సరిదిద్దుతూ సవరిణి కారును బయటికి, లోయవైపు, ఒక జానెడు నెట్టింది. ఆమె సర్దుకుంది. ఆరో మలుపులో మళ్లీ జానెడు. ఈసారి టైరు తెల్లగీత తొక్కింది. వేదాద్రి కళ్లు తెరిచేసరికి ఆమె నుదుటి మీద చెమట.

"నా సెయ్యే సార్," అంది మెల్లగా. "భయానికి వణుకుతున్నాది. ఆరేళ్లు పీట మీద నేర్చుకుంటే ఇలాగే ఉంటాది. మేడంగారి బండికి నేను సాలను."

ఆమె గొంతులో ఏ అనుమానమూ లేదు. కారు మీద లేదు, ముద్ర మీద లేదు. తప్పంతా తన చేతిదేనని ఒప్పేసుకుంది. వణికే చేతిని బాగుందని నమ్మించాడు ఒకసారి. ఇప్పుడు బాగున్న చేతిని వణుకుతోందని నమ్మిస్తున్నాడు, అదీ నోరు విప్పకుండానే.

"పక్కకి ఆపమ్మా," అన్నాడు. "నీ చెయ్యి కాదు."

ఆమె ఆపింది. అతను చెప్పాడు. ఏదీ దాచలేదు. ఎక్కువసేపు పట్టలేదు కూడా. అన్నేళ్లు మోసిన విషయం నాలుగు మాటల్లో అయిపోవడం అతనికే వింతగా అనిపించింది. సురేఖ స్టీరింగు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మేడంగారికి తెల్సా?"

"తెలీదు."

"మరి ఆ పదిహేడు నిమిషాలు?"

"అందులో ఆవిడది ఎంతో, దానిది ఎంతో నాకు తెలీదమ్మా. లోపల లెక్క రాసి ఉంటుంది. చూసే ధైర్యం లేకపోయింది."

లోయలోంచి ఒక యానాల వరుస చప్పుడు లేకుండా కింది రోడ్డు మీద జారిపోయింది. సురేఖ దాన్ని కనుమరుగయ్యేదాకా చూసింది. తిడుతుందని వేదాద్రి ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది.

"సార్, నాకు షెడ్డు ఉన్నాది, పనిముట్లు ఉన్నాయి," అంది చివరికి. "బండి నాకిచ్చీండి. ఆ పెట్టి నేను తీసీస్తాను. సీలు మీరే మళ్లీ ఏసీండి. మీరు సెప్పలేదు, నేను ఇనలేదు. మేడంగారి పేరు అలాగే ఉంటాది, మీ పేరూ ఉంటాది. ఎవుళికి నష్టం?"

దయతోనే అంది. కారు మీద ఆశ కూడా ఉంది అందులో, దాన్ని ఆమె దాచుకోలేదు. నష్టం ఎవరికీ లేదు, నిజమే. అన్నేళ్ల కిందట, పార్వతీపురం బస్సుకు చెయ్యి ఊపి ఇంటికొస్తూ, వేదాద్రి అనుకున్నది కూడా సరిగ్గా ఈ మాటే.

"నీ మనసు మంచిదమ్మా," అన్నాడు. "కిందికి పోదాం. నెమ్మదిగా పోనీ. ఎడమ మలుపుల్లో అది నెడుతుంది, నువ్వు కాస్త లోపలికి పట్టు."

ఆమె వాదించలేదు. దిగేటప్పుడు ఎడమ మలుపులన్నిటిలోనూ కారును గీత లోపలే ఉంచింది.

కేంద్రంలో ఎర్రునాయుడు వేలిముద్రల పలక తుడుస్తున్నాడు. వేదాద్రి అతన్ని దాటి వెళ్లి దారివల బల్ల ముందు కూర్చున్నాడు. తన ముద్ర తెరిచి, వాపసు అని నొక్కాడు. కారణం ఎంచుకోమంది బల్ల. అరుగుదల, ప్రమాదం, భాగం మార్పు, యజమాని కోరిక. వరసంతా చదివాడు. తనది అందులో లేదు. అట్టడుగున ఇతరం అని ఉంటే అది నొక్కి, ఒక్కో అక్షరమే రాశాడు.

'పరీక్ష సరిగానే చేశాను. సాయం ఉందని తెలిసింది. లేదని ముద్ర వేశాను.'

"ఏటి రాస్తన్నారు మాస్టారూ?" అంటూ ఎర్రునాయుడు వెనక నిలబడి చదివాడు. గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఒక ముద్ర అబద్ధమైతే ఆ చెయ్యి వేసిన ముద్రలన్నీ నిలిచిపోతాయని, మూడు వందల పద్దెనిమిది కార్లు ఈ ఆదివారం కొండెక్కవని, మేడంగారి పదిహేడు నిమిషాలు కొట్టేస్తారని గబగబా గుర్తుచేశాడు. మళ్లీ పరీక్షించడానికి తనొక్కడే ఉన్నానని, నెలాఖరులోగా ఈ నీలం కారు వంతు రాదని, కరిగింపు వాళ్లు వచ్చేస్తారని అన్నాడు. అన్నీ వేదాద్రికి తెలిసినవే.

"నొక్కకండి," అన్నాడు చివరికి.

వేదాద్రి నొక్కాడు.

అలాంటి వాక్యం బల్లకు కొత్త. ఆ తరువాత ఆవరణలో పరీక్షకు వచ్చి నిలిపిన కార్లలో ఒకదాని ముందు దీపం పసుప్పచ్చగా మారింది, దాని పక్కది మారింది, గోడ అవతల ఇంకో రెండు. విజయనగరంలో, అనకాపల్లిలో, షెడ్లలో నిద్రపోతున్న కార్లకూ అలాగే దీపాలు మారుతుంటాయి. అవన్నీ నిక్కమైనవే. వాటి యజమానులు అతనికి ఏ అన్యాయమూ చేయలేదు. వేదాద్రికి ఏ తేలికదనమూ కలగలేదు. ఒక తప్పు దించుకోవడానికి మూడు వందల గడపల మీద దాన్ని పంచిపెట్టినట్టు అనిపించింది.

కిటికీలోంచి సురేఖ కనిపించింది. ఎండ సీట్ల తోలు మీద పడుతోందని, ఇంకా తనది కాని కారుకు, ఇక ఎప్పటికీ తనది కాకపోవచ్చునని తెలిసిన కారుకు, నూలు దుప్పటి కప్పి నాలుగు మూలలూ ఓపిగ్గా లాగి కడుతోంది.

ఎర్రునాయుడు కూడా అటే చూస్తున్నాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"కొంచెం లెగండి మాస్టారూ."

వేదాద్రి లేచాడు. ఎర్రునాయుడు ఆ కుర్చీలో కూర్చుని, బల్ల మీద తన బొటనవేలు ఆనించాడు. అతను వేసిన నూట నలభై రెండు ముద్రల వరస తెరుచుకుంది.

"వీటిలో సగం పాత కార్లవి, గడువైతే మళ్లీ వేసినయి," అన్నాడు, తల ఎత్తకుండా. "కింద మీ ముద్ర ఉంటే నేను ఎప్పుడూ అరచెయ్యి పెట్టలేదు."

మొదటి పేరు మీద వేలు ఉంచి, వాపసు అని నొక్కాడు. బల్ల అతన్ని కూడా కారణం అడిగింది.