విలన్ ఒప్పుకోకూడదు

"ఆగండి!"

గుంపులోంచి కేక వినబడగానే నేను మీసం సర్దుకున్నాను. అంటించిన మీసం, చెమటకి ఒక పక్క ఊడొస్తోంది.

మా నాటకాల పద్ధతే అంత. పగలు ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే నేను, సాయంత్రాలు డైరెక్టరక్క బృందంలో విలన్ని. ఎవరి కష్టాన్ని వాళ్ల ముందే ఆడి చూపిస్తాం. చూసేవాళ్లలో ఎవరైనా "ఆగండి" అని అరిచి, కష్టపడే పాత్ర స్థానంలోకి వచ్చి కథ మార్చొచ్చు. ఆ రోజు చెత్త వేరుచేసే షెడ్డు ముందు ఆడుతున్నాం. అక్కడి ఆడవాళ్లకి బాత్‌రూమ్ లేదు. అడిగితే కసిరే సూపర్‌వైజర్ పాత్ర నాది.

వచ్చిందో అమ్మాయి. చేతులకి గ్లౌజులు ఇంకా తీయలేదు. తిన్నగా నా కళ్లలోకి చూసింది.

"సార్, మాకు బాత్‌రూమ్ కావాలి."

నేను కసరాలి. డైలాగు నోటిదాకా వచ్చి, ఆ కళ్లు చూసి వెనక్కి పోయింది.

"సరే... కట్టిస్తాను."

జనం చప్పట్లు కొట్టారు. డైరెక్టరక్క తల పట్టుకుంది. నాటకం అయ్యాక నేను మీసం పీక్కుంటుంటే ఆ అమ్మాయి మీదికొచ్చింది.

"ఏంటండీ, అడగ్గానే ఒప్పేసుకున్నారు?"

"బాగా అడిగారు కదా అని..."

"బాగా అడిగితే ఇచ్చేవాడైతే మాకీ నాటకమెందుకు? రేపు నిజం సూపర్‌వైజర్ ముందు నిలబడాల్సింది నేను. ఆయనా మీలా గుడ్లప్పగించి సరే అంటాడా?"

నేను ఊడిన మీసాన్ని జేబులో పెట్టుకున్నాను.

"అదిగో, మా అమ్మ." వెనక గోనెసంచి మీద ఒదిగి కూర్చున్న ఆవిణ్ణి చూపించింది. "పొద్దున బయల్దేరితే మళ్లీ ఇంటికెళ్లేదాకా చుక్క నీళ్లు తాగదు. తాగితే ఎక్కడికెళ్లాలి? ఒంట్లో మంట, జ్వరం, పైనించి డాక్టరు తిట్లు. మీ జాలి నాకొద్దు. చేతనైతే గట్టిగా కాదనండి!"

అమ్మాయిలు నన్ను కాదనడం నాకు అలవాటే. కాదనమని బతిమాలినది ఈవిడొక్కతే. అక్కడే పడిపోయాను.

మర్నాటి నుంచి షిఫ్టు అవగానే నా షాపుకొచ్చేది. విప్పిన ఫ్యాన్ల మధ్య మా రిహార్సల్.

"బడ్జెట్ లేదు," అన్నాను కాలు మీద కాలేసుకుని.

"మీ గదికి కొత్త కూలరొచ్చింది కదా సార్, దానికెక్కడిది?"

"స్థలం లేదు."

"మీ బైకు పెట్టేచోట కట్టండి. ఎండలో ఉంటే బైకుకి జ్వరం రాదు."

"మిగతావాళ్లెవరూ అడగట్లేదే? నీ ఒక్కదానికే వచ్చిందా?"

టక్కున ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ప్రాణం ఉసూరుమంది. సారీ చెప్పబోయి పళ్ల బిగువున ఆపుకున్నాను.

"జవాబు లేదా? అయితే వెళ్లి పని చూసుకో."

"దుర్మార్గుడా!" అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇదిగో, ఇలా ఉండాలి నువ్వు."

మీరు పోయి నువ్వు వచ్చిందని నేను మురిసిపోతుంటే బయట వాన మొదలైంది.

"గొడుగుందా?" అన్నాను.

"విలన్లు గొడుగులివ్వరు."

"నేనిస్తానన్నానా?"

పకపకా నవ్వి, మూలనున్న గొడుగు లాక్కుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నేను ఇంటికి తడుస్తూ, ఈల వేసుకుంటూ వెళ్లాను.

అసలు రోజు రానే వచ్చింది. అదే రోజు సూపర్‌వైజర్ గదిలో ఫ్యాన్ ఆగిపోయిందని నన్నే పిలిచారు. నేను స్టూలెక్కి, స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకుని ఉండగా ఆమె లోపలికొచ్చింది.

"బడ్జెట్ లేదు," అన్నాడాయన. ఆమె కూలర్ చూపించింది. "స్థలం లేదు." ఆమె బైకు చూపించింది. నేను బిగించిన స్క్రూనే మళ్లీ విప్పి బిగిస్తున్నాను.

"మిగతావాళ్లెవరూ అడగట్లేదే?"

ఆమె వెళ్లి తలుపు బార్లా తెరిచింది. "నేనూ అడుగుతున్నా", "నేనూ" అంటూ షెడ్డు షెడ్డంతా గుమ్మంలోకొచ్చింది. చివర్లో వాళ్లమ్మ నోరు విప్పలేదు గానీ, వచ్చి నిలబడింది. బయట పని మొత్తం ఆగిపోయింది. సూపర్‌వైజర్ గొణుక్కుంటూ పైవాళ్లకి ఫోన్ చేశాడు.

బాత్‌రూమ్ లేచింది, బైకు పెట్టిన చోటే. గడియ, కుళాయి, లైటు అన్నీ ఉన్నాయి. లైటు నేనే బిగించాను. తెరిచిన రోజు మిట్టమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా వాళ్లమ్మ సీసా ఎత్తి గటగటా నీళ్లన్నీ తాగేసింది. కూతురు వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఊపులోనే నాకు ధైర్యం వచ్చింది.

"నా విలన్ పని అయిపోయింది కదా, ఇంక నిజం చెప్తా. నువ్వంటే నాకు చాలా ఇష్టం. పెళ్లి చేసుకుందామా?"

ఆమె కళ్లు తుడుచుకుంది. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"బడ్జెట్ లేదు."

"ఇద్దరం సంపాదిస్తాం."

"స్థలం లేదు."

"షాపు వెనక గదుంది. కిటికీ కూడా ఉంది!"

"మీవాళ్లెవరూ అడగట్లేదే?"

ఆ ప్రశ్న నేర్పింది నేనే, జవాబు నా దగ్గరే లేదు. చుట్టూ అందరూ నోళ్లు మూసుకుని నవ్వుతున్నారు. నేను బిక్కమొహం వేశాను.

"ఆగండి!"

ఇన్నాళ్లలో ఎప్పుడూ లేవని గొంతు. వాళ్లమ్మ! గడ్డం మీద నీళ్లింకా ఆరలేదు. నేరుగా వచ్చి, నన్ను భుజంతో పక్కకి నెట్టి, నా స్థానంలో నిలబడింది.

"అబ్బాయి తరఫున నేనడుగుతున్నా. చేసుకుంటావా, చేసుకోవా?"

"అమ్మా! నువ్వు ఎవరి పక్క?"

"కష్టపడే పాత్ర స్థానంలోకి రావాలని కదే రూలు! వీడి మొహం చూడు, ఎంత కష్టపడుతున్నాడో."

ప్రారంభం చూడ్డానికొచ్చిన డైరెక్టరక్క పగలబడి నవ్వుతూ చప్పట్లు మొదలుపెట్టింది. ఆ అమ్మాయి తల వంచుకుంది, చెంపలు ఎర్రబడ్డాయి.

"సరే," అంది.

సంతోషం పట్టలేక అడిగేశాను. "అదేంటి, అడగ్గానే ఒప్పేసుకున్నావు?"

వాళ్లమ్మ భుజం మీద తల వాల్చి, నన్ను చూసి నవ్వింది.

"బాగా అడిగింది కదా అని."