పోయినవాళ్ళ కంచం

కుక్కలు ఇటే రావాలి!

టెక్లే కావాలనే ఎండు కొమ్మని తొక్కుతుంది. ఫట్!

వెనక మొరుగుడు. చెట్ల మధ్య రహస్య పోలీసుల టార్చి వెలుగులు.

రండిరా... రండి!

మోకాలి లోతు మంచు. చీకటి ఇప్పుడే పడింది, అప్పుడే కాలివేళ్ళు మొద్దుబారాయి. అయినా పరుగు ఆపదు. ఈ కుక్కలు తన వెంట ఉన్నంతసేపూ స్టేషన్ వైపు పోవు. ఆ దారిలో, అధికారులు శిలువ పీకేసిన దిమ్మ కింద, తను దాచిన ఫిల్మ్ రోల్ ఉంది. తమవాళ్ళ కొరియర్ దాన్ని తీసుకుని సాయంత్రం రైలెక్కాలి.

ఫిల్మ్‌లో ఉన్నది ఒక లారీ. ముందు భాగం నుజ్జునుజ్జు. నిలబెట్టింది ఈ రహస్య పోలీసుల షెడ్డులో!

ఆ లారీయే ఆమె అన్నని తొక్కేసింది.

ఫాదర్ జెనోనాస్. బిడ్డకి బాప్తిస్మం ఇప్పించినందుకు ఎవరి ఉద్యోగం పోయింది... ప్రార్థన చేసినందుకు ఎవరిని జైల్లో వేశారు... ఊరూరా తిరిగి ఆరా తీసి, రహస్య పత్రికకి రాసేవాడు. 'తాగి లారీ కింద పడ్డాడు' అని రిపోర్టు రాశారు. పూజలో ద్రాక్షారసం తప్ప చుక్క ముట్టని మనిషి!

చేసినవాడి అంతు చూడాలి. టెక్లేకి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

అదిగో, అగొటా అత్త ఇల్లు. వెనక తలుపు తోసుకుని లోపల పడుతుంది.

"ఏమిటే ఈ అవతారం? మంచులో పొర్లాడావా?"

"ముందు తలుపెయ్యి అత్తా!"

లిథువేనియాలో క్రిస్మస్ ముందురోజు భోజనం ఎవరూ మానరు. కాకపోతే సర్కారు మతాన్ని అణిచేస్తోంది గనక, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని తింటారు. బల్ల మీద బీట్‌రూట్ సూప్, ఉప్పు చేప, గసగసాల పాలు. మూడు కంచాలు. మూడోది ఆ ఏడు పోయినవాళ్ళది. పక్కన ఫర్ చెట్టు రెమ్మ, చిన్న కొవ్వొత్తి. ఈసారి ఆ కంచం జెనోనాస్‌ది.

బయట మొరుగుడు ఠక్కున ఆగిపోతుంది.

ఎందుకు ఆగింది?

తలుపు మీద టకటక!

గొర్రెతోలు కోటులో ఒక మనిషి. గడ్డం నిండా మంచు. లోపలికొచ్చి శిలువ గుర్తు వేసుకుంటాడు.

"యేసుక్రీస్తుకి మహిమ!"

"యుగయుగాలకీ," అంటుంది అగొటా అలవాటుగా.

"కొరియర్‌ని, చెల్లెమ్మా. మనవాళ్ళు చోటు సరిగ్గా చెప్పలేదు. ఫిల్మ్ ఎక్కడ పెట్టావు? రైలుకి టైమైపోతోంది!"

కొరియర్ మొహం టెక్లే ఎప్పుడూ చూడలేదు. ఇతనే అయితే, చెప్పకపోతే ఫిల్మ్ మంచులోనే పాడైపోతుంది. కాకపోతే... చెప్పిన మరుక్షణం అన్నయ్య రెండోసారి చచ్చిపోతాడు.

"కూర్చో నాయనా," అంటుంది అగొటా. "ఇవాళ గుమ్మంలోకొచ్చినవాణ్ణి ఖాళీ కడుపుతో పంపకూడదు."

ఆమె ఇంకో కంచం కోసం అటు తిరుగుతుంది.

అతను కూర్చుంటాడు. మూడో కంచం ముందు! కొవ్వొత్తినీ రెమ్మనీ మోచేత్తో పక్కకి నెట్టి, చేప ముక్క వడ్డించుకుంటాడు.

అగొటా అలాగే నిలబడిపోతుంది. ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లాడు కూడా ఆ కంచం ముట్టడు.

"లే అక్కణ్ణుంచి!" టెక్లే అరుస్తుంది. "అది మా అన్నది."

అతను కొవ్వొత్తి వైపు చూస్తాడు. ఆమె వైపు చూస్తాడు. పకపకా నవ్వి, పిస్తోలు తీసి చేప పక్కన పెడతాడు.

"ఛ! దండాలూ స్తోత్రాలూ అన్నీ నేర్పారు. ఈ కంచం సంగతి ఒక్క వెధవా చెప్పలేదు!"

"ఎవర్నువ్వు?"

"బయట నా వాళ్ళున్నారు. ఈ ఇంట్లోంచి ఎవరు పరిగెత్తినా కాల్చెయ్యమన్నా. కాబట్టి బుద్ధిగా చెప్పు. ఫిల్మ్ ఎక్కడ?"

టెక్లే ఫర్ రెమ్మని తీసి మళ్ళీ కంచం పక్కన పెడుతుంది.

"మీ అన్నా ఇంతే మొండి. నా లారీ లైట్లు మొహాన పడుతున్నా ఒక్క పేరు చెప్పలేదు. పైగా నా కోసం ప్రార్థన చేస్తానన్నాడు!"

నువ్వా...!

టెక్లే ఒళ్ళంతా భగ్గుమంటుంది. వీడేనా! ఇన్నాళ్ళూ నిద్రలో కూడా వెతికింది వీడినేనా!

పిస్తోలు అగొటా కణత మీదికి పోతుంది.

"చెప్తావా? ముసలిదాన్ని లేపెయ్యనా?"

కూ...!

దూరంగా రైలు కూత. కదిలింది!

టెక్లే నవ్వుతుంది. కళ్ళలో నీళ్ళు.

"వినపడిందా? నీ ఫిల్మ్ వెళ్ళిపోతోంది! నీ కుక్కలన్నిటినీ నేనే ఇటు తోలుకొచ్చా. స్టేషన్ దారిలో ఒక్కటైనా ఉంచావా, తెలివైనవాడా?"

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఫోన్... వచ్చే స్టేషన్‌లో రైలాపాలి!"

లేచాడు. కుర్చీ ఎగిరిపడింది. తలుపు తన్నుకుని, చీకట్లోకి ఒకటే పరుగు!

బయట కటిక చీకటి. కురుస్తున్న మంచు. అందులో గొర్రెతోలు కోటు ఎవరిదైనా ఒకటే.

అగొటాకి ముందు తెలిసింది.

"అయ్యో, వాడి మనుషులే వాణ్ణి... ఆగు నాయ—"

టెక్లే అరచెయ్యి ఆమె నోటిని గట్టిగా మూసేస్తుంది.

ఢాం!

ముసలమ్మ ఆ చేతిని లాగేస్తుంది. "మీ అన్నయితే కేకేసి ఆపేవాడే తల్లీ..."

"అవునత్తా. ఆపేవాడు." టెక్లే తలుపు వైపే చూస్తోంది. "నేను మా అన్నని కాను."

ఢాం!