పడమటి మూల చన్నీళ్లు

మా ఊరి స్టేడియంలో పడమటి మూలకి చెడ్డపేరు. రగ్బీ వాళ్లే కాదు, ఫుట్‌బాల్ ఆడేవాళ్లు కూడా ఆ మూల నుంచి కార్నర్ కొట్టాలంటే ముందు తల వంచి దణ్ణం పెడతారు. చీకటి పడ్డాక మాత్రం... అటు ఎవరూ పోరు.

నలభై ఏళ్ల కిందట, స్కూళ్ల ఫైనల్లో, ఒక కుర్రాడు సరిగ్గా అక్కడే పడిపోయాడు. అప్పట్లో మా రగ్బీలో ఎంత దెబ్బకైనా ఒకటే వైద్యం — కెటిల్. పడ్డవాడి మొహాన కెటిల్‌తో చన్నీళ్లు కుమ్మరించడం, వాడు లేస్తే జనం చప్పట్లు కొట్టడం. మాయ కెటిల్ అని ముద్దుపేరు కూడానూ, సిగ్గులేకపోతే సరి! ఆ కుర్రాడికీ పోశారు. లేచాడు. ఆడాడు. సాయంత్రానికి ప్రాణం పోయింది.

నాకు పడమటి గేటు ఎదురుగా ఉడాన్ కొట్టు ఉంది. నూడుల్స్ ఉడకేసి పులుసు పోసి బతికేదాన్ని, దెయ్యాల గోల నాకెందుకు? కానీ పోయిన జనవరిలో కోచ్ నుకాడాకి జరిగింది చెప్పి తీరాలి. ఆయన వాచ్‌మన్ తొకోరోతో చెప్పుకున్నాడు, తొకోరో నా దగ్గర కక్కేశాడు.

ఫైనల్‌కి ముందు రోజు మధ్యాహ్నం నుకాడా తన జట్టు కుర్రాడు యురాని వెంటబెట్టుకుని నా కొట్టుకొచ్చాడు. ప్రాక్టీసులో వాడి తలకి గట్టి దెబ్బ తగిలిందట. పిల్లాడి చేతిలో చాప్‌స్టిక్స్ నిలవడం లేదు. నాలుగు నూడుల్ పోగులు తిన్నాడో లేదో, బయటికి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు.

"ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి," అన్నాను.

"ఏం కాలేదక్కా. డాక్టరు చూస్తే రేపు ఆడనివ్వడు."

"ఆడకపోతే కొంపలంటుకుంటాయా?"

"వాడు లేకపోతే ఓడిపోతాం. నీ పులుసు సంగతి నువ్వు చూసుకో."

యురా గుమ్మం పట్టుకుని నించున్నాడు. "నాకేం లేదు పిన్నీ, ఆడతా," అన్నాడు... చూపు మాత్రం నా మీద నిలవడం లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మ్యాచ్ ముందు రోజు కోచ్ ఒక్కడే మైదానం చుట్టూ నడిచి, గడ్డికి మొక్కి రావడం మావాళ్ల ఆనవాయితీ. నుకాడా వెళ్లేసరికి చీకటి పడిపోయింది. లైట్లు లేవు. చుట్టూ ఖాళీ కుర్చీలు... ఎముకలు కొరికే చలి...

నడిచి నడిచి పడమటి మూలకొచ్చాడు. ఆ మూలని వదిలేస్తే మొక్కు సగమే అవుతుందని భయం ఆయనకి. మోకాళ్ల మీద కూర్చుని నుదురు గడ్డికి ఆనించాడు.

"రేపు గెలిపించు..." అని గొణిగాడు.

టప్.

మెడ మీద ఒక చుక్క. వాన కాబోలు అనుకున్నాడట. ఇంకో చుక్క... తర్వాత సన్నటి ధార. నడినెత్తి మీద, మంచులాంటి నీళ్లు. చెవుల వెంట కారుతున్నాయి, ముక్కులోకి పోతున్నాయి.

లేద్దామంటే ఒళ్లు స్వాధీనంలో లేదు.

అప్పుడు — చెవి పక్కనే — మగపిల్లాడి గొంతు...

"ఏం కాలేదు. లే... ఆడు."

ఎలా లేచాడో ఆయనకే తెలీదు. ఒక బూటు అక్కడే వదిలేసి గేటు దాకా పరిగెత్తాడు. వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

గేటు దగ్గర తొకోరో, దెయ్యం వెంట రాకుండా, ఆయన మీద గుప్పెడు ఉప్పు చల్లాడు. "గడ్డికి నీళ్లు పెట్టే పైపులేమో సార్..." అనబోయి నాలిక్కరుచుకున్నాడు. చలికి పగులుతాయని ఆ పైపులు కట్టేసింది తనే.

నుకాడా పళ్లు టకటకలాడుతున్నాయి. "యురా... వాళ్లింటికి... కారు తియ్," అన్నాడు.

ఆ రాత్రే పిల్లాణ్ణి ఆసుపత్రిలో చేర్చారు. తలలో రక్తం గడ్డకట్టిందట. ఇంకొక్క దెబ్బ తగిలుంటే దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు. మర్నాడు మావాళ్లు చిత్తుగా ఓడారు. దెయ్యానికి జడిసి కప్పు పోగొట్టాడని ఊరంతా నుకాడా మీద దుమ్మెత్తిపోసింది. ఇప్పటికీ దారిలో ఎదురైతే మొహం తిప్పుకుంటారు. నాకైతే జాలి లేదు. ఎందుకుండాలి?

సరే, దాచడం దేనికి? ఆ నీళ్లు పోసింది నేనే.

తొకోరోకి భోజనం ఇచ్చే వంకతో గేటు దాటాను. చన్నీళ్ల కెటిల్ పట్టుకుని, చెప్పులు విప్పి, నుకాడా వెనకే నడిచాను. ఆనాడు పోయిన కుర్రాడు మొరియో నా తమ్ముడు. ఏటా వాడు పోయిన రోజున నేను వెళ్లి ఆ గడ్డి మీద నీళ్లు పోసి, వాణ్ణి పేరు పెట్టి పిలిచి వస్తుంటాను. ఇంకో ఇంట్లో ఆ ఏడుపు వినలేననిపించింది, అంతే.

కానీ నేను నీళ్లు మాత్రమే పోశాను. ఆడగొంతు పోల్చుకుంటాడని పెదాలు బిగబట్టుకునే ఉన్నాను.

ఆ మాటలు... నేనూ విన్నాను. కెటిల్ చేతిలోంచి జారిపోయింది. అది మొరియో గొంతే, నాకు తెలీదూ?

ఇన్నేళ్లుగా వెళ్లి పిలుస్తున్నా, అక్కా అని ఒక్కసారైనా పలకలేదు వాడు.