అరచేతి కాపలా

పొద్దున్నే ఆయన ఎడమచేత్తో టీ తాగుతున్నాడు. కుడి అరచెయ్యి మంచం పక్కనున్న యూపీఎస్ డబ్బా మీద ఉంది. మంచంలోని భార్య ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. ఆ మిషను కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే డబ్బాలోని బ్యాటరీ అరగంట లాగుతుంది, ఆలోగా సిలిండరుకు మార్చాలి.

భార్య చేతి తువ్వాలు ఆయన మీదికి విసిరింది. అంటే మంచినీళ్ళు కావాలని. ఆమె చిలిపితనం అది.

"గడ్డం చూడు నాన్నా, సన్యాసుల్లో కలుస్తావా ఏంటి?" అంటూ కూతురు ఎదురుగా వచ్చి నిలబడింది. "క్షవరానికైనా కదలవు. అందుకే ఈ డబ్బాను కంప్యూటరుకు కలుపుతున్నా. కరెంటు పోతే అదే చెబుతుంది."

"డబ్బా కూస్తుందిగా. అది చాల్లే."

ఆ కూత ఆయనకు వినబడదు. లేతు మిషన్ల షెడ్డు ఇన్నేళ్ళ చాకిరీకి ఇచ్చిన బహుమానం ఈ చెవుడొక్కటే. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. భార్యకు గాలి పడదని గదిలో ఫ్యాను వెయ్యరు, పగలు లైటుండదు; కరెంటు పోయినా కంటికి తెలియదు. కరెంటు పోతే డబ్బా లోపల చిన్న ఫ్యాను తిరిగి అరచేతికి అదురు తగులుతుంది. అదే ఆయన చెవి. ఈ సంగతి బయటపడితే కూతురు వాళ్ళమ్మను తన ఇంటికి తీసుకుపోతుంది. అదీ ఆయన భయం.

కూతురు కేబులు తగిలించి, కంప్యూటరు ముందు కూర్చుని ఏవేవో నొక్కింది. ఆయన గ్లాసు కడగడానికి వంటింట్లోకి వెళ్ళాడు. కాసేపటికి ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ప్లగ్గు తీశాను నాన్నా."

"తెలుస్తూనే ఉందిగా, చెవులు చిల్లులు పడుతున్నాయి! ముందా మోత ఆపు, మీ అమ్మ ఉలిక్కిపడుతుంది."

కూతురు మొహం పాలిపోయింది.

"మోత నేను ఇందాకే ఆపేశాను నాన్నా. కంప్యూటర్లోంచే."

గ్లాసు ఆయన చేతిలోంచి జారింది.

"ఎన్నాళ్ళనుంచి దాస్తున్నావు? అమ్మ ప్రాణంతో చెలగాటమా?"

"అందుకేగా ఆ డబ్బా మీద చెయ్యి తియ్యంది!" ఆయన అరిచాడు. "తీసుకుపోవే! చెవిటివాడి దగ్గర ఎందుకు, తీసుకుపో మీ అమ్మని!"

గదిలోంచి తువ్వాలు వచ్చి గుమ్మంలో పడింది. ఆయన దాన్ని తీసుకుని లోపలికి వెళ్ళాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది, పెదాలు కనబడేలా.

"ఇన్నాళ్ళూ తువ్వాలు ఎందుకు విసురుతున్నా అనుకున్నారు? పిలిస్తే వినబడక సిగ్గుపడతారని. నేనెక్కడికీ పోను."

కూతురు కళ్ళు తుడుచుకుని, ప్లగ్గు పెట్టేసి, మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. తండ్రి ఫోను తీసుకుని ఏదో సర్ది, ఆయన చొక్కా జేబులో పెట్టింది.

"ఇక కరెంటు పోతే ఇది వణుకుతుంది. నేనున్నాగా, పోయి ఆ గడ్డం గీయించుకో."

వీధి చివర మంగలి కుర్చీలో ఒక చెంప అయ్యేసరికి గుండె మీద జేబు గడగడలాడింది. మెడలో గుడ్డతో, రెండో చెంప మీద నురగతో ఆయన ఇంటికి పరుగెత్తాడు.

మంచం పక్కన కూతురు చేతిలో ప్లగ్గు. "అమ్మే తియ్యమంది నాన్నా. వస్తావో రావో చూద్దామని."

భార్య ఆయాసపడుతూ నవ్వుతోంది. తిట్టబోయి ఆయన కూడా నవ్వేశాడు. కన్నీళ్ళు నురగలో కలిసిపోయాయి. ఆమె తువ్వాలు అందుకుని, ఈసారి విసరకుండా ఆయన చెంప తుడిచింది.