సలమాంకాలో ఫెయిలైన గూఢచారి

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల షాపు మేడ మీద, ఉదయం ఎనిమిదింటికి బ్రీఫింగ్ మొదలైంది.

కింద షాపు నిజంగానే నడుస్తుంది. పైన చీరల బేళ్ల వెనక ఒక తలుపుంది. తలుపు వెనక ఢిల్లీ గూఢచారి శాఖ వారి స్పానిష్ డెస్క్.

"ఆపరేషన్ పేరు పడుగు," అన్నాడు స్టేషన్ చీఫ్ రామకోటేశ్వరరావు. "టార్గెట్ రొయ్య."

ఎవరూ నవ్వలేదు. కృష్ణా జిల్లాలో రొయ్య మీద జోకులు నడవవు.

నాలుగు దేశాల మనుషులున్న ముఠా అది. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది స్పానిష్‌లో. ల్యాబ్‌లో తయారు చేసిన వైరస్‌ను రొయ్య పిల్లలకు ఎక్కించి, వాటిని మంచి సీడ్ పేరుతో డెల్టాలో వదలాలన్నది ప్లాన్. ఒక్క చెరువులో పడితే చాలు. డ్రెయిన్ల వెంట పది రోజుల్లో బందరు నుంచి కైకలూరు దాకా పాకుతుంది. ఇక్కడి రొయ్య చస్తే విదేశీ ఆర్డర్లన్నీ ముఠా చెరువులకు పోతాయి.

"సోర్స్ ఎలీనా," అన్నాడు చీఫ్. "పెరూ దేశస్థురాలు. ముఠాలో రొయ్యల డాక్టర్. మూడు నెలల క్రితం మనవైపు తిరిగింది. సీడ్ ఎప్పుడు, ఎక్కడ దిగుతుందో ఇవాళ చెప్తానంది. తొమ్మిదింటికి కింద షాపుకు కస్టమర్‌లా వస్తుంది. మూడు నెలలుగా ఫోన్‌లో మాట్లాడుతున్న దీవెనే ఇవాళా మాట్లాడుతుంది. ఏడుకొండలూ, నువ్వు సేల్స్‌మన్‌వి."

"మళ్లీనా సార్?"

"నీకు బట్ట తెలుసు కదయ్యా."

"స్పానిష్ కూడా తెలుసండీ."

"తెలుసులే," అని చీఫ్ కాగితాలు సర్దుకున్నాడు.

ఏడుకొండలు దీవెన వైపు చూడలేదు. ఆమె గోడవైపు చూస్తోందని మాత్రం అతనికి తెలిసింది. నవ్వు ఆపుకోవడానికని అనుకున్నాడు. ఆమె గోడకున్న గడియారంలో టైమ్ చూసుకుంటోంది.

ఏడుకొండలుది బందరు దగ్గరి నేతల ఊరు పెడన. తండ్రి నేతగాడు. ఏడేళ్ల క్రితం డిపార్ట్‌మెంట్ అతన్ని స్పెయిన్‌లోని సలమాంకాకు పంపింది. ఒక లాంగ్వేజ్ స్కూల్లో పద్నాలుగు నెలలు విద్యార్థి వేషం. టీచర్ పేరు దోన్యా మతీల్దె. డెబ్భై ఏళ్ల మనిషి. మొదటి రోజు రెండు ‘ర’లు ఒత్తి పలకమంటే క్లాసులో జపాన్ కుర్రాడు, ఇంగ్లండ్ పిల్ల తలకిందులయ్యారు. కర్ర, బుర్ర అంటూ పెరిగిన ఏడుకొండలు ఒక్కసారిలో పలికాడు. టీచర్ చప్పట్లు కొట్టింది. అవే మొదటి చప్పట్లు, అవే ఆఖరివి.

రెండో రోజు అతని పేరు అడిగింది. చెప్పాడు. మనలో చాలామంది ఏడు అని రాసి యేడు అంటారు. ఎలుకను యెలుక అంటారు. అలా అంటున్నామని అనేవాళ్లకు తెలియదు. ఏడుకొండలుకూ తెలియదు. స్పానిష్‌లో సగం మాటలు ‘ఎ’తో మొదలవుతాయి. ప్రతి ‘ఎ’ ముందూ అతని నాలుక ఒక ‘య’ను చేర్చింది.

దోన్యా మతీల్దె అతని పళ్ల మధ్య పెన్సిల్ పెట్టింది. అద్దం ముందు కూర్చోబెట్టింది. గడ్డం కింద అరచెయ్యి పెట్టి, దవడ కదిలితే దెబ్బ వేసేది. రోజుకు వందసార్లు ఒకే వాక్యం.

"ఎల్ ఎనెమీగో ఎస్పెరా ఎన్ ఎస్తా ఎస్తాథియోన్."

శత్రువు ఈ స్టేషన్‌లో కాచుకుని ఉన్నాడని అర్థం. పద్నాలుగు నెలలూ ఆ శత్రువు యెస్పెరా అంటూనే ఉన్నాడు. ఆఖరి పరీక్షలో గ్రామర్‌కు తొంభై ఆరు వచ్చాయి. ఓరల్ పోయింది.

రెండేళ్ల తర్వాత అదే స్కూలుకు, అదే టీచర్ దగ్గరకు దీవెన వెళ్లింది. గుణదల అమ్మాయి. చర్చి క్వయర్‌లో పాడిన చెవి. ఆ ‘య’ను వారంలో వదిలించుకుంది. ఏడు నెలల్లో కోర్సు పూర్తయింది. ఫోన్‌లో ఆమెతో మాట్లాడిన వాళ్లు మీది వల్లడోలిడ్డా అని అడుగుతారు. స్పెయిన్‌లో స్వచ్ఛమైన మాటకు పేరున్న ఊరు అది. ప్రతి క్రిస్మస్‌కూ ఆమెకు దోన్యా మతీల్దె నుంచి కార్డు వస్తుంది. కార్డును ఆమె టేబుల్ మీదే ఉంచుతుంది. అందులో ఏముందో ఏడుకొండలు ఆమె లేనప్పుడు చదివాడు, మూడేళ్లూ చదివాడు. తన పేరు ఎక్కడా లేదు.

మాడ్రిడ్ ఎంబసీలో ఒక పోస్టు ఖాళీ ఉంది. ఈ డెస్క్ నుంచి ఒక పేరు పంపాలి. ఆపరేషన్ పడుగు అయ్యాక పంపుతానని చీఫ్ చెప్పాడు.

తొమ్మిదింటికి ఎలీనా వచ్చింది. నల్లకళ్లద్దాలు, తెల్ల ప్యాంటు, మెడలో ఎర్ర స్కార్ఫ్. షాపులో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు చీరలు వదిలేసి ఆమెను చూశారు.

"అరవై కౌంట్ కాటన్ కావాలి," అంది ఇంగ్లీషులో. కోడ్ అదే.

"అరవై లేదండీ, ఎనభై ఉంది," అన్నాడు ఏడుకొండలు. జవాబు అదే.

పరుపు మీద చీరలు పరిచాడు. బట్ట కొలిచే బద్దలో మైక్ ఉంది. బద్దను ఆమె పక్కన పెట్టాడు. దీవెన ఆమెకు తోడొచ్చినదానిలా వచ్చి కూర్చుంది. ఇద్దరూ స్పానిష్‌లోకి దిగారు. దీవెన మాట కాలవలో నీళ్లలా పోతోంది. ఎలీనా ఒక దగ్గర ఆగి, "మా లిమాలో పుట్టినదానిలా మాట్లాడుతున్నావు," అని ఆమె చెయ్యి నొక్కింది.

ఏడుకొండలు ఇంకో చీర విప్పాడు. గట్టిగా విదిల్చాడు.

ఆ చీర పెడన మగ్గానిది. ఎలీనా మాట్లాడుతూనే దాన్ని అందుకుంది. కొనే వాళ్లెవరైనా చీర రంగు చూస్తారు, కొంగు చూస్తారు. ఆమె అవేవీ చూడలేదు. అంచును తిరగేసి, వెనకవైపు పోగుల కొసల మీద బొటనవేలు నడిపించింది. తర్వాత బట్టను వెలుగుకు ఎత్తి ఒక కన్ను మూసింది. ఏడుకొండలు తల్లి అలా చూసేది. కూలికి నేయించే మాస్టర్ వీవర్ బట్ట తిప్పి పంపేలోగా తప్పు తామే పట్టుకోవాలని ఆ వీధిలో ఆడపిల్లలందరికీ అలా చూడడం నేర్పుతారు.

చూపు బట్ట మీద ఉండగా ఆమె నాలుక మీద కాపలా సడలింది.

"యెల్ యెంబీయో యెంత్రా యెస్తా మన్యానా," అంది. సరుకు ఇవాళ మధ్యాహ్నంలోగా దిగుతుందని.

మిగతా వాక్యం మళ్లీ శుభ్రంగా ఉంది. గన్నవరం ఎయిర్‌పోర్ట్, కార్గో, పన్నెండు గంటలు. దీవెన తలూపింది. ఆమెకు ఆ ‘య’ వినపడలేదు. వారంలో వదిలిపోయిన జబ్బు లక్షణాలు ఎవరికి గుర్తుంటాయి? ఏడుకొండలు దవడ మీద మాత్రం దెబ్బ పడ్డట్టయింది.

తొమ్మిదిన్నరకు టీమ్ గన్నవరం బయల్దేరింది. దీవెన జీపు ముందు సీట్లో కూర్చుంది. ఏడుకొండలు షాపులో మిగిలాడు, చీరలు మడత పెట్టడానికి.

మడత పెట్టలేదు. టీ తెప్పించుకున్నాడు.

ఎలీనా పెరూ మనిషి కాదు. తెలుగు మనిషి. పెడన మనిషి. ఇంత దాచిన మనిషి చెప్పిందంటే గన్నవరంలో ఏదీ దిగదు. ఈ మాట చెప్పడానికి ఒక్క ఫోన్ చాలు. చెప్పకపోతే పన్నెండింటికి దీవెన ఖాళీ కార్గో షెడ్డు ముందు నిలబడుతుంది. మూడు నెలలు తనను ఆడించిన మనిషిని తాను గుర్తుపట్టలేదని చీఫ్‌కు చెప్పుకోవాల్సి వస్తుంది. ఎవరూ ఆమెను వల్లడోలిడ్డా అని అడగరు.

టీ సగం తాగాడు. ఆమె ముఖం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. బాగానే ఉంది. మిగతా సగం తాగుతుంటే పెడనలో మగ్గాలు అమ్మేసి రెండెకరాల చెరువు కౌలుకు తీసుకున్న మేనమామ కొడుకు గుర్తొచ్చాడు. వాడి చెరువు కూడా ఆ డ్రెయిన్ల మీదే ఉంది. గ్లాసు కింద పెట్టి టైమ్ చూశాడు. పావుగంట పోయింది.

ముందు మేనత్త సీతమ్మకు ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, మన వీధి నుంచి స్పానిష్ దేశాలకెళ్లిన ఆడపిల్ల ఎవరన్నా ఉన్నారా?"

"ఫోన్ చేసి బాగున్నావా అనైనా అడగవేరా? ఉంది. సంపూర్ణమ్మ కూతురు బాలత్రిపురసుందరి. రొయ్యల డాక్టరు చదువంట. ఎనిమిదేళ్లకి మొన్న వచ్చింది. జుట్టు కత్తిరించేసుకుంది."

"ఏం చేస్తోంది?"

"ఊరి బయట చెరువు తీసుకుంది. డ్రెయిన్ పక్కన. ఇవాళ సీడ్ వదులుతుందంట, పదకొండున్నరకి. ముహూర్తం పెట్టింది మన పంతులే. నువ్వెప్పుడొస్తావు?"

"ఇప్పుడే."

కారు కంకిపాడు దాటుతుండగా చీఫ్‌కు ఫోన్‌లో చెప్పాడు.

"ఏడుకొండలూ, ఆధారం ఏంటి?"

"‘ఎ’ ముందు ‘య’ అందండీ. అంచు తిరగేసింది. మా అత్తయ్య చెప్పింది."

"ఈ మూడూ కాయితం మీద పెట్టి ఢిల్లీకి పంపమంటావా? ఇది కుళ్లయ్యా. దీవెన అంటే నీకు పడదు. ఆఫీసులో అందరికీ తెలుసు. షాపుకెళ్లు."

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. అందరికీ తెలుసన్న మాట ఉయ్యూరు దాకా కారులో ఉంది. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక ఆరు నిమిషాలు ఇరుక్కున్నాడు. ఆ ఆరు నిమిషాల్లో, చెయ్యడానికి ఇష్టం లేని ఫోన్ చేశాడు.

దీవెన మొత్తం విన్నది.

"నాకు వినపడలేదు సార్," అంది. "తప్పు నాదే. ఇద్దరిని తీసుకుని గుడివాడ మీదుగా వస్తున్నాను. చీఫ్ గారితో నేను మాట్లాడతాను. మీరు ముందు చేరితే ఎలాగోలా ఆపండి."

అంతే. వాదన లేదు. తప్పు ఒప్పుకోవడం కూడా ఆమెకు అంత తేలిగ్గా వచ్చేసిందని ఏడుకొండలు ముందున్న ట్రాక్టర్‌కు గట్టిగా హారన్ కొట్టాడు. తనకు ఏడు నెలలిచ్చినా రాదు.

పదకొండు ముప్పై ఐదుకు చెరువు గట్టు చేరాడు. సీడ్ సంచులు అప్పటికే నీళ్ల మీద తేలుతున్నాయి. ప్లాస్టిక్ సంచుల్లో ఆక్సిజన్, కాస్త నీరు, దుమ్ములా కనపడే పిల్లలు. సంచుల్ని చెరువులో ఇరవై నిమిషాలు తేలనిచ్చి, లోపలి నీళ్ల వేడి బయటి నీళ్లతో సమానమయ్యాకే మూతి విప్పుతారు. డెల్టాలో ఏ కూలీ అయినా ఈ పద్ధతి తప్పడు.

మోకాల్లోతు నీళ్లలో జాన్‌బాబు అనే పెద్దాయన, నలుగురు కూలీలు ఉన్నారు. గట్టు మీద ఎలీనా. నల్లకళ్లద్దాలు లేవు. కాళ్లకు చెప్పులు లేవు.

"విప్పెయ్ బాబాయ్, అయిపోయింది టైమ్," అంటోంది తెలుగులో.

ఏడుకొండలు దగ్గర పిస్టల్ ఉంది. తీస్తే ఆమె నీళ్లలోకి దూకి నాలుగు సంచులు చింపగలదు. అతను జేబులోంచి థర్మామీటర్ పెన్ తీశాడు. దాన్ని ఢిల్లీ వాళ్లు బాంబులు పరీక్షించడానికి ఇచ్చారు. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు.

"ఆగండాగండి. డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చాను. వేడి చూడాలి."

"ఏ డిపార్ట్‌మెంటండీ?" అన్నాడు జాన్‌బాబు.

"గవర్నమెంటే." అది అబద్ధం కాదు. పెన్ సంచికి ఆనించాడు, తర్వాత చెరువులో ముంచాడు. "నాలుగు డిగ్రీలు తేడా ఉంది పెద్దాయనా."

తేడా ఒక్క డిగ్రీ కూడా లేదు.

ఎలీనా అతన్ని గుర్తుపట్టింది. పొద్దున చీరలు పరిచిన మనిషి.

"బాబాయ్, వాడు దొంగ. విప్పు."

"నాలుగు డిగ్రీలంటున్నాడమ్మా. పిల్లంతా చచ్చిపోద్ది."

"చస్తే నా సీడే కదా, నీకేంటి?"

"నువ్వు రేపు వెళ్లిపోతావు. జాన్‌బాబు సీడ్ చంపాడని నన్నంటారు. ముప్పై ఏళ్లలో ఒక్క సంచి పోగొట్టలేదు నేను." కూలీల వైపు తిరిగాడు. "ఎవడూ ముట్టుకోమాకండి. ఇంకో పావుగంట."

ఆ పావుగంటలో ఎలీనా రెండుసార్లు బతిమాలింది, ఒకసారి తిట్టింది. ఆయన బీడీ వెలిగించుకున్నాడు. పన్నెండో నిమిషంలో గట్టు మీద జీపు దుమ్ము లేచింది. ఎలీనా చూసింది. స్కార్ఫ్ పిన్ను పీకి నీళ్లలోకి దూకింది. ఏడుకొండలు అడ్డుపడ్డాడు, బురదలో కాలు జారి వెనక్కి పడ్డాడు. పిన్ను మొన దగ్గర్లోని సంచికి తగిలేలోపు ఒక చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

దీవెన. చీరతోనే దూకింది.

సంచులు లెక్కపెట్టి సీల్ చేశారు. ఒక్కటీ చిరగలేదు. ఎలీనాకు బేడీలు పడ్డాయి. జీపు ఎక్కే ముందు ఏడుకొండలు వైపు తిరిగింది.

"ఎక్కడ దొరికాను?"

"‘ఎ’ దగ్గర."

ఆమె ముఖం అప్పుడు మాత్రం మారింది. "ఎనిమిదేళ్లు కష్టపడ్డాను. లిమాలో ఒక్కరూ పట్టుకోలేదు."

"వాళ్లకేం తెలుసు?" అన్నాడు ఏడుకొండలు, షర్టు పిండుకుంటూ. "నాకు పద్నాలుగు నెలలు దవడ మీద కొట్టారు."

తిరుగు ప్రయాణంలో దీవెన అడిగింది. "పొద్దున్నే విన్నారు కదా సార్. ఫోన్ పది దాటాక వచ్చింది."

అబద్ధం చెప్పడం అతని ఉద్యోగం. ఆ సమయానికి ఏదీ తట్టలేదు.

"టీ తాగాను."

ఆమె రోడ్డువైపు చూసింది. "రిపోర్టులో ట్రాఫిక్ అని రాస్తాను," అంది.

అది అతన్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది.

మూడు వారాలకు ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చింది. దీవెనకు మాడ్రిడ్. ఏడుకొండలుకు విజయవాడలోనే ప్రమోషన్, సీక్రెట్ మెడల్. మెడల్ బీరువా దాటకూడదు. కింద ఇంకో పేరా ఉంది: సదరు అధికారి ఉచ్చారణ శాఖకు ఉపయోగపడుతున్నందున దానిని ఏ పరిస్థితిలోనూ మెరుగుపరచుకోరాదు.

చీఫ్ స్వీట్లు తెప్పించాడు. దీవెన అందరికీ పంచింది. ఏడుకొండలు ఉత్తర్వును ఇంకోసారి చదివాడు. రెండు పేర్లలో మొదటిది దీవెనది.

"అక్షరక్రమంలో వేసుంటారులేవయ్యా," అన్నాడు చీఫ్.

ఏడుకొండలు మనసులోనే అక్షరాలు వరసగా చదువుకుంటూ పోయాడు. ‘ఏ’ దగ్గర ఆగాడు. ‘ద’ ఇంకా చాలా దూరం ఉంది.