మోకాలి కొలత

తీగల మేస్త్రి చేసే వాద్యాన్ని మొదటిసారి చూసినవాళ్ళు ఇస్త్రీ బల్ల అనుకుంటారు. వాళ్ళ తప్పేం లేదు. పెడల్ స్టీల్ గిటార్ ఒళ్ళో పెట్టుకునేది కాదు, నాలుగు ఇనప కాళ్ళ మీద బల్లలా నిలబడుతుంది. పైన పది తీగలు, కింద పాదాలతో నొక్కే పెడళ్ళు, మోకాళ్ళతో పక్కకి తోసే మీటలు. ఉక్కు కడ్డీని తీగల మీద జారుస్తూ పెడల్ నొక్కితే ఒక్క తీగ స్వరం మాత్రం మెల్లగా పైకి పాకుతుంది. గొంతు పూడుకుపోయిన మనిషి మాట కూడదీసుకుంటున్నట్టు ఉంటుంది. ఆ నాదం కుదరాలంటే మంచి చెక్క, మంచి తీగ ఉంటే చాలదు. వాయించే మనిషి మోకాలి ఎత్తుకి కాళ్ళూ మీటలూ అమరాలి. అందుకే మేస్త్రి కొలతలు చేతికి రానిదే పని మొదలుపెట్టడు.

అలాంటివాడు ఈసారి పప్పులో కాలేశాడు.

"నాన్నా, ఇది అమ్మ కొలత," అంది కూతురు, టేపు చూపిస్తూ. "ఇది కొనే ఆయనేమో తాటిచెట్టంత మనిషి. ఐదింటికి వస్తున్నాడు. మోకాళ్ళు ఎక్కడ పెట్టుకుంటాడు, నెత్తి మీదా?"

మేస్త్రి నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఇరవై రెండేళ్ళపాటు ప్రతి గిటార్‌నీ ముందు భార్య కొలతకే బిగించేవాడు. ఆవిడ వాయించి సరే అన్నాకే, కొనేవాళ్ళ కొలతకి మార్చేవాడు. ఆవిడ పోయి ఏడు నెలలైంది. ఆ సంగతి అతని చేతులకి ఇంకా తెలిసినట్టు లేదు.

"బస్టాండుకెళ్ళి ఆయన్ని తీసుకొస్తా. ఈలోపు మార్చెయ్," అని కూతురు గొడుగు తీసుకుని వెళ్ళింది. జల్లు లోపలికి కొడుతుంటే మేస్త్రి తలుపు వేసి గడియ పెట్టాడు.

నాలుగు కాళ్ళ మరలు వదులు చేసి కాస్త పొడుగు లాగాలి, అంతే. పది నిమిషాల పని. స్పానర్ పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు గానీ చెయ్యి రాలేదు. మంచం పట్టిన ఆఖరి వారంలో ఆవిడ అడిగింది, "ఒక్కసారి నన్ను గిటార్ ముందు కూర్చోబెట్టవా?" అని. "చేతిలో పని ఉంది, రేపు కూర్చోబెడతా," అన్నాడు. తెల్లారేసరికి ఆవిడ లేదు. ఇప్పుడు ఈ మరలు కూడా వదులు చేస్తే, ఈ ఇంట్లో ఆవిడ కూర్చోవడానికి చోటంటూ మిగలదనిపించింది. దుఃఖం తన్నుకొచ్చింది.

వాన జోరందుకుంది. నాలుగింటికే గది మసకబారింది. ఇంతలో కరెంటు కూడా పోయింది. వార్నిష్ వాసన, రంపపు పొట్టు వాసన, వాటి మధ్య నుంచి ఎక్కడిదో తడి మట్టి వాసన. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

టక్.

పెడల్ కిందికి దిగిన చప్పుడు. తీగ ఒకటి సన్నగా మూలిగింది. స్వరం పైకి పాకింది... ఆగింది... మళ్ళీ అందుకుంది.

మేస్త్రికి ఒళ్ళు జలదరించింది. స్పానర్ చేతిలోంచి జారింది. ఆ ఆగడం అతనికి తెలుసు. చివర్లో రవ్వంత ఆలస్యం చేసి అందుకునేది ఆవిడ ఒక్కతే.

"నువ్వేనా?" అన్నాడు గుసగుసగా.

చీకట్లో ఇనప మర తిరిగిన కిర్రు... ఒక చుట్టు. మరో చుట్టు. మరొకటి...

అంత భయంలోనూ అతనికి నవ్వొచ్చింది. ఆవిడకి ఏ ఎత్తూ ఓ పట్టాన నచ్చేది కాదు. ఇంకో అర చుట్టు, ఇంకో అర చుట్టు అంటూ ప్రాణం తోడేసేది.

"నీ ఇష్టమొచ్చినంత తిప్పుకో," అన్నాడు, కన్నీళ్ళు కారిపోతుంటే. "ఆయనకి ఇవ్వను. ఇది నీదే. ఎక్కడికీ వెళ్ళకు... ఇక్కడే ఉండిపో."

కిర్రు ఆగిపోయింది. ఊఁ అన్నట్టు కింది తీగ ఒక్కసారి మోగింది.

కరెంటు వచ్చింది.

గిటార్ అక్కడే ఉంది. దాని ముందు ఆవిడ కూర్చునే పొట్టి స్టూలూ అక్కడే ఉంది. కానీ గిటార్ కాళ్ళు నాలుగూ పైకి సాగి ఉన్నాయి. మేస్త్రి లేచి నిలబడితే తీగలు ఛాతీకి తగిలాయి. మీటలు నడుము పైన వేలాడుతున్నాయి. ఆ కాళ్ళు అంత పొడవు సాగేలా అతను చెయ్యనేలేదు. టేపు పెట్టి చూశాడు. ఆవిడ మోకాలు కాదు. రాబోయే ఆయనదీ కాదు. ఆ స్టూలు మీద కూర్చుంటే అంత ఎత్తుకి మోకాళ్ళు వచ్చే మనిషిని అతను ఎన్నడూ కొలవలేదు.

మరి ఇంతసేపూ తను ఉండిపొమ్మన్నది ఎవరిని?

"నాన్నా, వచ్చేశాం. తలుపు తియ్యి."

మేస్త్రి ఒక్క అంగలో తలుపు దగ్గరికి వెళ్ళాడు. గడియ మీద చెయ్యి పడేసరికి వెనక స్టూలు నేల మీద ఈడ్చుకుంటూ జరిగింది, కూర్చున్నవాళ్ళు లేచినట్టు. అతను తిరిగి చూడలేదు. గడియని రెండు చేతులా అదిమిపెట్టాడు.

"రాకమ్మా... ఆయన్ని తీసుకుని వెళ్ళిపో."

"అదేంటి నాన్నా?" కూతురు తలుపు తోస్తోంది. "వాయిస్తున్నదెవరు? అచ్చం అమ్మలాగే ఉంది... నన్ను రానీ, ఒక్కసారి చూడనీ."

గదిలో ఏ తీగా మోగడం లేదు.