కరెంటు లేని మలుపు

ఆ మలుపు మంచిది కాదని రైలు నడిపేవాళ్లందరూ అంటారు. పైన తీగ ఉంటుంది, కరెంటు ఉండదు. అటు కరెంటూ ఇటు కరెంటూ కలవకుండా మధ్యలో ఆ మేర చచ్చిన తీగ వేశారు.

ఇంజను నెత్తిన ఒక ఇనప చెయ్యి ఉంటుంది. అది తీగను రాసుకుంటూ కరెంటు తాగుతుంది. కడుపులోని ట్రాన్స్‌ఫార్మరు దాని పొగరు తగ్గించి చక్రాల మోటార్లకు పంచుతుంది. వాటిని చల్లబరిచే ఫ్యాన్ల హోరులో పక్కమనిషి మాటే వినబడదు. మలుపు ముందు బోర్డు చూసి డ్రైవరు కరెంటు ఆపాలి, ఆ చెయ్యి దించాలి. ఫ్యాన్లు ఆగిపోతాయి. బండి ఉన్న ఊపుతోనే... మెల్లగా... చీకట్లో దొర్లుతుంది.

అప్పుడే వినబడుతుందట — "దించావా, నాయనా?"

ఇరవై ఏళ్ల కిందట ఒక డ్రైవరు ఒక్క క్షణం ఆలస్యంగా దించాడు. కరెంటు ఆ చేతి మీదుగా చచ్చిన తీగలోకి దూకింది. స్తంభానికి నిచ్చెన వేసుకుని ఆ తీగ బాగుచేస్తున్న లైన్‌మన్ మరి ఇంటికి రాలేదు.

ఆ డ్రైవరుకు ఆనాటి నుంచి నిద్ర లేదు. రాత్రంతా కుర్చీలో కూర్చునేవాడు. కొడుకూ డ్రైవరే అయ్యాడు. అతను డ్యూటీ దిగి వచ్చినప్పుడల్లా తండ్రిది ఒకటే ప్రశ్న — "అక్కడ ఎవరైనా పలికారా?"

"ఎవరూ లేరు నాన్నా," అని కొడుకు అబద్ధమాడేవాడు.

"నువ్వు మాత్రం జవాబు చెప్పకు గురూ," అనేవాడు ఇంజనులో పక్కన కూర్చునే అసిస్టెంటు. "చెప్పావంటే ఎక్కి కూర్చుంటుంది. టిక్కెట్టు కూడా కొనదు."

ఒక రాత్రి ఆ గొంతు విని, కొడుకు ఉండబట్టలేక బ్రేకు నొక్కాడు. ఊపు చచ్చింది. బండి ఆ తీగ కిందే నిలబడిపోయింది... వెనక నుంచి ఇంకో ఇంజను వచ్చి తోసేదాకా అంతే.

అతను దిగాడు. స్తంభం దగ్గర తెల్లచీర... లాంతరు...

"దించాను," అన్నాడు. "మా నాన్నే ఆ రోజు దించలేదు. అప్పట్నుంచి ఆయనకు నిద్ర లేదు."

లాంతరు పైకి లేచింది.

ఆ లాంతరు పట్టుకున్న చెయ్యి నాది. ఆ లైన్‌మన్ నా ఇంటాయన. ఆ బోర్డు మీద ఏముందో తెలుసుకోవాలనే ముసలితనంలో అక్షరాలు దిద్దాను. ఇంకొకరి ఇల్లు కూలకూడదని రోజూ వచ్చి అడిగేదాన్ని. దెయ్యమని పేరొచ్చిందని నాకేం తెలుసు?

తిట్టాలనుకున్నాను. ఇరవై ఏళ్లు దాచిన తిట్లు... ఒక్కటీ నోటికి రాలేదు. అతని జేబులో కాగితం అడిగి, వాళ్ల నాన్నకిమ్మని వంకర అక్షరాలతో రాసిచ్చాను — "పడుకో అన్నయ్యా."

మూడోనాడు బండి వచ్చింది. ఫ్యాన్లు ఆగాయి. నేను అడగకముందే కిటికీలోంచి మాట వచ్చింది.

"దించాను... నాన్న ఆ కాగితం గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. పొద్దున లేవలేదు, అత్తా."

అన్నయ్యా అని రాసిచ్చాను కదా... ఆ వరసన పిలిచాడు బిడ్డ.